తుపాను మింగేసిన నాయకుడు: ఒక నాటిక సవరణ, కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలోని ఒక ఔత్సాహిక నాటక సంఘం పరిషత్తు పోటీల కోసం నాటిక ఒకటి తయారు చేసుకుంది. సంఘం పేరు, నాటిక పేరు, రచయిత, నటుల వివరాలు ఇక్కడ ఉండవు. పాత్రల పేర్లు మార్చాం. కథలోని వృత్తిని మాత్రం మార్చలేదు, అది మారిస్తే కేసే మిగలదు. స్క్రిప్టు చదివి, రిహార్సల్స్ చూసి, పట్టు ఎక్కడ జారుతోందో చెప్పడం మాకు అప్పజెప్పిన పని.

కథ ఫిషింగ్ హార్బర్‌ది. నాయకుడు అప్పలస్వామి, యాభై అయిదేళ్ల సరంగు. మరబోటు నడిపించే మనిషి సరంగు, అతని కింద పనిచేసేవాళ్లు కళాసీలు. మొదటి ప్రతిలో కథ ఇంతే: అప్పులు పెరిగాయి. తుపాను కబురు విని కూడా అప్పలస్వామి కొడుకుని తీసుకుని వేటకి వెళ్తాడు. కొడుకు సముద్రంలో పోతాడు. చివర్లో తండ్రి ఒంటరిగా నిలబడి పదకొండు నిమిషాలు ఏడుస్తాడు. మొత్తం నిడివి 58 నిమిషాలు.

కరపత్రం మీద ‘విషాదాంత నాటిక’ అని వేసుకున్నారు. విషాదంతోనే ముగుస్తుంది కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. అయితే చావుతో ముగిసే కథలన్నిటిలోనూ విషాద నాయకుడు ఉండడు. లారీ గుద్ది చనిపోయిన మనిషి మీద మనకి జాలి కలుగుతుంది, అతను మాత్రం విషాద నాయకుడు కాడు. ఈ తేడా దర్శకుడికి తెలుసు. స్క్రిప్టులో అది ఎక్కడ పోయిందన్నదే తెలియలేదు.

సమస్య ఎలా బయటపడింది

సుమారు నలభై మంది ఎదుట మొదటి ట్రయల్ వేశారు. జనం ఏడ్చారు. ఆట అయ్యాక టీ తాగుతూ అందరూ మాట్లాడుకున్నది హుద్‌హుద్ తుపాను గురించి. 2014 అక్టోబరు 12న ఎవరి ఇంటి రేకులు ఎగిరిపోయాయి, ఎన్ని రోజులు కరెంటు లేదు, యూనివర్సిటీలో ఎన్ని చెట్లు పడ్డాయి అన్న మాటలే. అప్పలస్వామి పేరు ఒక్కరి నోటా రాలేదు.

‘ఏడ్చారు కదండీ, ఇంకేం కావాలి?’ అని దర్శకుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కోసం ఆ రోజు నుంచి ప్రతి ట్రయల్ తర్వాతా ప్రేక్షకుల్ని విడివిడిగా మూడు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాం. ఇదంతా ఎవరి వల్ల జరిగింది? ఆ చోట మీరుంటే ఏం చేసేవారు? ఆఖర్లో అతనికి కొత్తగా ఏం తెలిసింది?

మొదటిదానికి అందరూ ‘తుపాను వల్ల’ అన్నారు. రెండోదానికి ‘వెళ్లేవాళ్లం కాదు’ అని ఠక్కున చెప్పారు. మూడోదానికి చాలామంది దగ్గర జవాబు లేదు. ‘కొడుకు పోయాడని తెలిసింది’ అని ఒకాయన అన్నాడు. అది నిజమే, కాకపోతే అది వార్త.

మన లాక్షణికుల భాషలో చెప్పుకుంటే, ఆ ఆటలో కరుణ నిండుగా ఉంది, భయం బొత్తిగా లేదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ నాటకం గురించి రాసిన పొయెటిక్స్‌లో రెండూ కావాలంటాడు, రెండింటికీ కారణాలు కూడా విడిగా చెప్తాడు. తనకి తగని కష్టం పడినవాడిని చూస్తే జాలి కలుగుతుంది. పడినవాడు మనలాంటివాడే అయితే భయం కలుగుతుంది. ‘మేమైతే వెళ్లేవాళ్లం కాదు’ అని హాలంతా అన్నదంటే, అప్పలస్వామి వాళ్లలాంటివాడు కాకుండా పోయాడన్నమాట. ఇక భయం ఎక్కడి నుంచి వస్తుంది?

స్క్రిప్టులో కనిపించిన లోపాలు నాలుగు. పతనానికి కారణం బయటిది, తుపాను. వెళ్దామన్న నిర్ణయం వేదిక మీద జరగదు. ఒకటో దృశ్యంలో అప్పులు, రెండో దృశ్యంలో ఇప్పటికే బోటు ఎక్కేశారు, మధ్యలో దీపాలు ఆరిపోయాయి. నాయకుడిని ‘పెద్ద మనిషి’ అని పక్కవాళ్లు నాలుగు సార్లు అంటారు, అతను పెద్దరికం చూపించే పని ఒక్కటీ చేయడు. చివర్లో ‘గంగమ్మ తల్లీ, ఎందుకిలా చేశావు?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న బయటికే వెళ్తుంది, లోపలికి తిరగదు.

నాలుగింటిలో రెండోది అసలు జబ్బు. మిగతావి దాని లక్షణాలు. ఆ సంగతి మాకూ మొదట తట్టలేదు, అందుకే మూడు వారాలు దారి తప్పాం.

ప్రయత్నించినవి, విఫలమైనవి

మొదటి ప్రయత్నం ‘లోపం’ పెట్టడం. విషాద నాయకుడికి ఒక లోపం ఉండాలని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే కాబట్టి, రచయిత అప్పలస్వామికి తాగుడు తగిలించాడు. వెళ్లే ముందు రెండు గుక్కలు వేసి చక్రం పట్టుకుంటాడు. రెండో ట్రయల్‌లో మొదటి ప్రశ్నకి జవాబు ఒక్కటే వచ్చింది: ‘తాగి నడిపాడు, పోగొట్టుకున్నాడు.’ జాలి అంతా భార్య ఎర్రమ్మ మీదకి మళ్లింది. ముందు తుపాను మీద పడిన నేరం ఇప్పుడు సారా మీద పడింది, అంతే.

ఈ పొరపాటు ఒక మాట అనువాదంలో పుట్టింది. హమార్తియా అన్న గ్రీకు మాటకి మనం ‘లోపం’ అనో ‘దోషం’ అనో రాసుకుంటున్నాం. గ్రీకులో అది గురి తప్పడం, బాణం వేసినవాడు లక్ష్యాన్ని తాకలేకపోవడం. బాణం వేసినవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు, చేతకానివాడూ కానక్కర్లేదు. అరిస్టాటిల్ పదమూడో అధ్యాయంలో స్పష్టంగానే ఉంది: దుర్గుణం వల్ల కాక ఏదో ఒక పొరపాటు వల్ల పడినవాడు కావాలి. మన ‘తప్పటడుగు’ అన్న మాట దీనికి చాలా దగ్గర. తప్పటడుగు వేయాలంటే ముందు నడుస్తూ ఉండాలి కదా. రిహార్సల్ గదిలో ఆ రోజు నుంచి ‘లోపం’ అన్న మాట నిషేధించాం. ఆ ఒక్క మార్పుతోనే చర్చ దారి మారింది.

రెండో ప్రయత్నం వడ్డీ వ్యాపారి. అతను ఒడ్డు మీద నిలబడి ‘రేపటికి డబ్బు కట్టకపోతే బోటు నాది’ అంటాడు. అప్పలస్వామికి వెళ్లక తప్పదు. ఈ పాత్ర వేసిన నటుడు అద్భుతంగా చేశాడు, అదే కొంప ముంచింది. హాలు కోపంతో ఊగిపోయింది. కోపం వచ్చినచోట భయం నిలవదు, ఎందుకంటే కోపానికి ఒక శత్రువు దొరుకుతాడు, శత్రువు దొరికాక ప్రేక్షకుడు తన గురించి ఆలోచించుకోవడం మానేస్తాడు. అప్పలస్వామి బాధితుడయ్యాడు. బాధితుడి కథ చెప్పదగ్గదే, పరిషత్తుల్లో అలాంటి మంచి నాటికలు ఎన్నో వచ్చాయి. ఈ సంఘం తలపెట్టింది మాత్రం అది కాదు.

ఇక్కడే ఒక నటుడు మంచి అభ్యంతరం లేవదీశాడు. ‘సారంగధరుడు ఏ తప్పూ చెయ్యలేదు కదండీ. మరి తెలుగులో మొదటి విషాదాంత నాటకం అదేనంటారు?’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో రాసిన విషాద సారంగధర గురించి అతని ప్రశ్న. సారంగధరుడు నిజంగానే నిర్దోషి. సవతి తల్లి చిత్రాంగి మోపిన నింద మీద కాళ్లూ చేతులూ నరికించుకున్నవాడు. అరిస్టాటిల్ ప్రకారం మచ్చలేని మంచివాడు పడిపోతే కలిగేది వెగటు, విషాదం కాదు. అయితే అదే కథలో తండ్రి రాజరాజనరేంద్రుణ్ణి చూడండి. న్యాయం తప్పని రాజునన్న నమ్మకంతోనే విచారించకుండా శిక్ష వేశాడు, నిజం తెలిశాక బతికి ఉన్నాడు. విషాద నాయకుడి కొలతలకి సరిపోయేది అతనే. పేరు కొడుకుది, పతనం తండ్రిది. ఈ మాట మీద ఆ సాయంత్రం గంటసేపు గొడవ జరిగింది, అందరూ ఒప్పుకోలేదు కూడా. కానీ మా నాటికలో ఎవరి వైపు చూడాలో ఆ గొడవలోనే తేలింది. చనిపోయే కొడుకు వైపు కాదు, నిర్ణయించిన తండ్రి వైపు.

మూడో ప్రయత్నం సోది. మొదటి దృశ్యంలో ఎరుకలసాని వచ్చి ‘నీ ఇంటి దీపం నీళ్లలో ఆరిపోద్ది’ అని చెప్పి వెళ్తుంది. గ్రీకు నాటకాల్లో దైవవాణి ఉంటుంది కదా అన్నది రచయిత వాదన. ఫలితం: ‘నుదుటి రాత, ఏం చేస్తాం’ అని జనం నిట్టూర్చారు. సోఫోక్లీజ్ గ్రీకు నాటకంలోని ఈడిపస్ రాజు విషయంలో దైవవాణి ఉన్న మాట నిజమే. అయితే తండ్రిని చంపడం, తల్లిని పెళ్లాడటం నాటకం మొదలయ్యేసరికే జరిగిపోయాయి. వేదిక మీద అతను చేసేది విచారణ. వద్దని జోస్యుడు టైరీసియస్ అంటాడు, వద్దని భార్య జొకాస్టా బతిమాలుతుంది, అయినా అతను అడుగుతూనే ఉంటాడు. పాత రాజుని చంపినవాణ్ణి పట్టుకోమనే దైవవాణి చెప్పింది, తన పుట్టుక దాకా తవ్వమని మాత్రం ఏ దైవవాణీ అతన్ని నెట్టలేదు. చిక్కుముడి విప్పగలనన్న తెలివి అతన్ని రాజుని చేసింది, అదే తెలివి అతన్ని బయటపెట్టింది. సోది దృశ్యం తీసేశాం.

పనిచేసింది

ఈసారి నాటికని వెనక నుంచి కట్టాం. ఆఖర్లో అప్పలస్వామికి ఏం తెలియాలి? తన మంచితనమే తన కొడుకుని తీసుకుపోయిందని తెలియాలి. అయితే ఆ మంచితనం ఏమిటి? ఇలా ఒక్కో మెట్టూ దిగుతూ మొదటి దృశ్యానికి చేరాం. కాగితం మీద రాసుకున్న వరస ఇది: గుర్తింపు (నాయకుడికి నిజం తెలిసే క్షణం), దానికి ముందు తిరుగుడు (కథ ఒక్కసారిగా ఎదురు దిక్కుకి మళ్లడం), దానికి ముందు తప్పటడుగు, దానికి ముందు నిర్ణయం, అన్నిటికంటే ముందు మనిషి స్థాయి.

మంచితనం దొరికింది జెట్టీలోనే: సముద్రంలో చిక్కుకున్న బోటుని వదిలేసి ఒడ్డున కూర్చోకూడదు. అప్పలస్వామి ఆ మాట మీద బతికిన మనిషి. దానికి ఎదురుగా ఇంకో మాట పెట్టాం. చిన్నోడిని బోటెక్కించనని ఎర్రమ్మకి ఇచ్చిన మాట. రెండూ ధర్మమే. రెండు ధర్మాలు ఢీకొనడమే ట్రాజెడీకి గుండెకాయని యాంటిగొనీ అన్న గ్రీకు నాటకాన్ని ఉదాహరణగా చూపించి జర్మన్ తత్వవేత్త హెగెల్ వాదించాడు. ఒక మాట మంచిది, ఒకటి చెడ్డది అయితే ఎంచుకోవడం కష్టమేమీ కాదు, అక్కడ నాటకమూ లేదు.

కొత్త కథ ఇలా నిలిచింది. నవంబరు. ముత్యాలమ్మపాలెం ఎదురుగా వేటకెళ్లిన ఒక బోటు ఇంజను ఆగిపోయిందని వైర్‌లెస్‌లో కబురు వచ్చి, తర్వాత మాట తెగిపోయింది. తెల్లారాక వెతుకుతామని అధికారులు అన్నారు. అప్పలస్వామి ఇప్పుడే వెళ్తానంటాడు. ఒక కళాసీ తక్కువ. కొడుకు సూరి నేనొస్తానంటాడు. ఎర్రమ్మ అక్కడే ఉంది.

ఇక్కడ తుపానుని కావాలనే చిన్నది చేశాం. పాత ప్రతిలో పెను తుపాను తీరం దాటుతుంది. హుద్‌హుద్ చూసిన ఊళ్లో అంత తుపాను పెడితే ప్రేక్షకుడు తన తుపానుని తాను చూసుకుంటాడు, సరంగుని చూడడు. కొత్త ప్రతిలో పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక మాత్రమే ఎగురుతోంది. పదకొండు నంబర్ల వరకూ ఉండే వరసలో మూడు అంటే ఈదురుగాలులు వీయవచ్చన్న హెచ్చరిక, అంతే. వెళ్లకూడదు, అలాగని వెళ్తే చావే అని కూడా కాదు. గాలి తగ్గేకొద్దీ నిర్ణయం బరువు పెరిగింది.

మూడో ట్రయల్‌కి పెద జాలరిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు తప్పులు పట్టాడు. పాత ప్రతిలో కథ మే నెలలో జరుగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం, మే నెలలో బోటు సముద్రంలో ఏం చేస్తోందని అడిగాడు. రెండోది, కథని నవంబరుకి మార్చాలనుకున్నా, చిక్కుకున్న బోటు ఉత్తరాన భీమిలి వైపు కొట్టుకుపోయిందనే ఉంచాం. ‘నవంబర్లో నీరు దచ్చినానికి లాగుద్ది బాబూ, పూడిమడక ఎల్లాల’ అన్నాడు. మొదటి తప్పు దిద్దుకున్నాం. రెండోదాన్ని నాటికలోకే తీసుకున్నాం. రెండో దృశ్యంలో అప్పలస్వామి చేతనే ఆ మాట అనిపించాం: ‘నీరు కిందికి లాగతంది, పూడిమడక కాడికి పోద్ది ఆ బోటు.’ అంటే ఆ బోటు దానంతట అదే ఒడ్డుకి కొట్టుకొచ్చే వీలుందని అతనికి తెలుసు. తెలిసీ ఆ ఆలోచన చివరిదాకా వెళ్లలేదు. సముద్రం గురించి అతని తెలివిని మెచ్చుకోవడానికి పనికొచ్చిన వాక్యమే నలభై నిమిషాల తర్వాత అతని మీద సాక్ష్యం చెప్తుంది.

స్థాయి గురించి రెండు మాటలు. విషాద నాయకుడు రాజో సేనానో కానక్కర్లేదని 1949లోనే అమెరికన్ నాటక రచయిత ఆర్థర్ మిల్లర్ వాదించాడు, ఆ చర్చ ముగిసిపోయింది. కానీ స్థాయి అక్కర్లేదని ఎవరూ అనలేదు. పడటానికి ఎత్తు కావాలి. ఆ ఎత్తుని మాటల్లో చెప్తే నమ్మరు, పనిలో చూపించాలి. మొదటి దృశ్యంలో ‘పెద్ద మనిషి’ అన్న పొగడ్తలన్నీ కొట్టేసి వాటాల తగాదా పెట్టాం. చేపలు అమ్మిన డబ్బు పంచుతుంటే ఒక కళాసీ వాటా తక్కువ పడుతుంది, గొడవ ముదురుతుంది. అప్పలస్వామి తన వాటాలోంచి నోట్లు తీసి లెక్క సరిచేసి, మాట్లాడకుండా వల సర్దుకుంటాడు. గొడవ ఆగిపోతుంది. మూడు నిమిషాలు. ఆ తర్వాత అతను ‘నానెల్తాను’ అన్నప్పుడు జెట్టీ అంతా ఎందుకు లేచి నిలబడుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

వైర్‌లెస్ సెట్టు

నాటిక మొత్తం ఒక మీట చుట్టూ తిరుగుతుంది. మూడో దృశ్యంలో బోటు చక్రం గది ఆరడుగులు నాలుగడుగుల చెక్క వేదిక మీద ఉంటుంది. సెట్టులోంచి ఒడ్డు వాళ్లు ‘తిరిగి వచ్చెయ్యండి’ అని పిలుస్తూ ఉంటారు. అప్పలస్వామి సెట్టు ఆపేస్తాడు. కాసేపటికి చిక్కుకున్న బోటు పూడిమడక దగ్గర ఇసుకలోకి వచ్చి చేరిందని, అందరూ క్షేమమని ఒడ్డుకి కబురు వస్తుంది. ఆ కబురు ఇతనికి చేరదు, ప్రేక్షకుడికీ అప్పుడే తెలియదు. అతను ముందుకే వెళ్తాడు. ఒక అల సూరిని తీసుకుపోతుంది.

ఈ ఒక్క చర్యని సరిగ్గా పెట్టడానికి నాలుగు రిహార్సల్స్ పట్టాయి. మొదట నటుడు కోపంగా, ‘నాకే సెప్తారా!’ అంటూ ఆపాడు. జనానికి అది పొగరులా కనిపించింది. పొగరు కనబడగానే ప్రేక్షకుడు న్యాయమూర్తి అవుతాడు, తీర్పు ఇచ్చేసి వెనక్కి వాలతాడు. తర్వాత మార్చింది ఏమిటంటే, ఒడ్డు నుంచి వచ్చే ప్రతి పిలుపుకీ పక్కనున్న కళాసీ చేతులు వణుకుతాయి. మూడో పిలుపుకి అతని చేతిలోంచి తాడు జారుతుంది. అప్పలస్వామి తాడు వంక చూస్తాడు, కుర్రాడి మొహం వంక చూస్తాడు, మెల్లగా చెయ్యి చాపి మీట తిప్పుతాడు. ‘బోటు మీద రెండు మాటలుంటే మునుగుద్దిరా’ అంటాడు. ఆ క్షణంలో హాల్లో కూర్చున్న మనిషి తానైనా అదే చేసేవాణ్ణి అనుకోవాలి. రెండో ప్రశ్నకి జవాబులు మారింది ఈ మార్పుతోనే. కొందరు ‘ఆపేవాణ్ణి’ అన్నారు, కొందరు ‘ఆపకూడదు’ అన్నారు, భార్యాభర్తలిద్దరు అక్కడే వాదించుకున్నారు.

సాంకేతికంగా కూడా ఒక ఇబ్బంది వచ్చింది. మీట తిప్పిన సంగతి వెనక వరసల వాళ్లు గమనించలేదు. చప్పుడు పెంచి చూశాం, అది తలుపు గొళ్లెంలా వినిపించింది. చివరికి తిరగేసి ఆలోచిస్తే దారి దొరికింది. దృశ్యం మొదటి క్షణం నుంచీ సెట్టు గరగర సన్నగా నడుస్తూ ఉంటుంది, అయిదు నిమిషాలకి ప్రేక్షకుడి చెవి దానికి అలవాటు పడిపోతుంది. మీట తిప్పగానే అది ఆగుతుంది. తర్వాత నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడరు. మొదలైన చప్పుడు కంటే ఆగిన చప్పుడు బాగా వినిపిస్తుంది. సౌండ్ ఆపరేటర్‌కి ఇచ్చిన సూచన ఒక్కటే: నటుడి చెయ్యి చూసి ఆపు, స్క్రిప్టు చూసి ఆపకు.

సూరి చావు వేదిక మీద లేదు. అల చప్పుడు, చీకటి. మన నాట్య సంప్రదాయమూ చావుని వేదిక మీద చూపించవద్దంటుంది, గ్రీకు ఆచారమూ వార్తాహరుడి చేతే చెప్పిస్తుంది. రెండూ ఏకమయ్యే చోట వాదించే పని లేదు.

మంచి కబురు

నాలుగో దృశ్యం తెల్లవారు జామున జెట్టీ. మొదటి అమరికలో ఒడ్డువాళ్లు ముందుగా చిక్కుకున్న బోటు దొరికిందని చెప్పుకుంటారు, తర్వాత అప్పలస్వామి ఒంటరిగా దిగుతాడు. అలా పెడితే ప్రేక్షకుడికి ముందే తెలిసిపోయి, అతనికి తెలిసే క్షణం కోసం ఎదురుచూడటం మిగిలింది. వ్యంగ్యం పండింది, తిరుగుడు చచ్చిపోయింది. వరస మార్చాం. అతను దిగుతాడు, కొడుకు లేడు. ఎర్రమ్మ కూలబడుతుంది. అతను దుఃఖంలో ఉన్నా ముక్కలు కాలేదు. చిక్కుకున్నవాళ్ల కోసం వెళ్లాను, సముద్రం నా కొడుకుని తీసుకుంది అన్న ఆధారం ఒకటి ఉంది.

అప్పుడు ఒక కుర్రాడు పరుగెత్తుకొస్తాడు, సంతోషంతో. ఈడిపస్‌లో కొరింతు నుంచి వచ్చిన దూత కూడా ఊరట కలిగించడానికే వచ్చి కొంప కూలుస్తాడు. అరిస్టాటిల్ తిరుగుడికి ఉదాహరణగా చూపించింది దాన్నే, తిరుగుడూ గుర్తింపూ ఒకే చోట జరిగితే అంతకంటే మేలైన అల్లిక లేదన్నదీ దాని గురించే.

‘మావా! ఆ బోటోళ్లంతా బతికే ఉన్నారు! పూడిమడక కాడ తేలారు!’

‘పోన్లే, ఆల్లైనా బతికినారు. ఎప్పుడు తెలిసినాది?’

‘రేతిరి ఎనిమిదీ ఇరవైకే. నీకు పదిసార్లు పిలిసినాం గదా. సెట్టు పాడైపోనాదేటి మావా?’

ఈ చివరి ప్రశ్న రచయిత కష్టపడి సాధించింది. కుర్రాడు తెలియకుండానే తప్పించుకునే దారి చూపిస్తున్నాడు. అవునని ఒక్క మాట అంటే చాలు, మీట సంగతి తెలిసిన కళాసీ నోరు విప్పడు, ఊరు అప్పలస్వామిని వీరుడంటుంది. అతను చాలాసేపు మాట్లాడడు. తర్వాత ఎర్రమ్మ వైపు తిరిగి అంటాడు: ‘సెట్టు బాగానే ఉన్నాది. నానే ఆపీసినాను.’

పతనం అందరికీ వస్తుంది. దాన్ని నాదే అని ఎత్తుకునేవాడు అరుదు. భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగంలో తొడలు విరిగి పడి ఉన్న దుర్యోధనుడు బలరాముడి కోపాన్ని చల్లార్చి, కొడుకు దుర్జయుడితో పాండవులని సేవించమంటాడు. మయసభ పద్యాలు కంఠతా వచ్చిన ప్రేక్షకులకి కూడా అక్కడ దుర్యోధనుడు కొత్త మనిషిలా కనిపిస్తాడు. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు అని మనవాళ్లు చేసిన నాలుగు విభాగాల్లో ఈ మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకైతే తోచదు.

నటనలో చిక్కు ఇక్కడే వచ్చింది. ప్రధాన నటుడు గొంతు ఉన్నవాడు, ఏడిస్తే చప్పట్లు పడతాయి. పదకొండు నిమిషాల విలాపం తీసేయడానికి ఒప్పుకోలేదు. వాదించకుండా రెండు విధాలుగానూ వేయించి చూశాం. విలాపంతో వేసిన రోజు హాలు అతన్ని చూస్తూ ఉండిపోయింది. విలాపం లేకుండా వేసిన రోజు ‘నానే ఆపీసినాను’ తర్వాత ఎవరూ కదలలేదు, తెర పడ్డాక కూడా చప్పట్లకి కాస్త టైం పట్టింది. నటుడు తనంతట తనే విలాపం వదులుకున్నాడు. కారణం సరళం: పాత్ర ఏడ్చేస్తే ప్రేక్షకుడి వంతు కూడా అదే తీసేసుకుంటుంది. ఎర్రమ్మ శాపనార్థాలు కూడా మూడు నిమిషాల నుంచి ఒక్క మాటకి తగ్గాయి. ఆమె అడుగుతుంది, ‘నాకిచ్చిన మాటో?’ అంతే.

ఇంకో స్క్రిప్టుకి పనికొచ్చేవి

విషాద నాయకుడి స్క్రిప్టు చేతికి వస్తే ముందు వెతకాల్సింది అతని బలహీనతని కాదు, బలాన్ని. ఏ గుణం వల్ల జనం అతన్ని గౌరవిస్తున్నారో రాసుకుని, తప్పటడుగు ఆ గుణంలోంచే పుట్టిందా లేదా చూడాలి. వేరే చోట నుంచి పుడితే అది అతికించినది.

నిర్ణయం వెలుగులో జరగాలి. రెండు దృశ్యాల మధ్య చీకట్లో నాయకుడు ఏం నిర్ణయించుకున్నా అది రచయిత నిర్ణయమే అవుతుంది. నిర్ణయించే క్షణానికి కనీసం రెండు దారులు తెరిచి ఉన్నాయని, రెండింటికీ ఖరీదు ఉందని ప్రేక్షకుడికి తెలియాలి.

బయటి శక్తిని, అది తుపానైనా, అప్పైనా, ప్రతినాయకుడైనా, కథ నడవడానికి ఎంత కావాలో అంతే ఉంచాలి. అది తీసేస్తే కథ ఆగిపోతే సరే. అది ఒక్కటే ఉన్నా కథ నడిచిపోతే మాత్రం నాయకుడు ప్రయాణికుడు.

మూడు ప్రశ్నల్లో మొదటిదానికి అందరూ ఒకే జవాబు చెప్తే పని మిగిలి ఉంది. ఆ జవాబు ఏదన్నది ముఖ్యం కాదు. ఆఖరి ట్రయల్‌లో సరంగు వల్ల అన్నవాళ్లు, తెల్లారేదాకా ఆగిన అధికారుల వల్ల అన్నవాళ్లు, సూరి తానుగా ఎక్కాడు కదా అన్నవాళ్లు కనిపించారు. ఒకావిడ, సరంగు తప్పు చేయలేదు, భార్యకి ఆ మాట ఇవ్వడమే తప్పు, సముద్రం మీద బతికేవాడు అలాంటి మాట ఇవ్వకూడదు అంది. రచయిత దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

తీరని సంగతులు

నాటిక 54 నిమిషాలకి వచ్చింది. రెండో దృశ్యం ఇంకా రెండు నిమిషాలు ఎక్కువే. సూరి ఎక్కుతానన్న దగ్గర నుంచి తండ్రి ‘రా’ అనేదాకా మాటలు ఎక్కువయ్యాయి, ఆ చోట చూపులే చాలు. ఎర్రమ్మ పాత్ర పలచగానే మిగిలింది. ఆమెకి భర్త మాట మీద నమ్మకం ఎందుకో తెలిపే పని ఒక్కటి కూడా మొదటి దృశ్యంలో లేదు, వాటాల తగాదాలో ఆమెని తెచ్చి నిలబెట్టాలన్నది ఇప్పటి ఆలోచన. చివరి చీకట్లో సెట్టు గరగర మళ్లీ సన్నగా మొదలవ్వాలని దర్శకుడికి ఇష్టం. రెండు సార్లు వేసి చూశాం, జనం ఆ చప్పుడుకి అర్థం వెతుక్కోవడం మొదలుపెట్టారు. ప్రస్తుతానికి తీసేశాం, దర్శకుడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.